లాంగ్‌బోర్న్‌కి వచ్చిన కొత్త చుట్టం

స్నానాల గది గోడలో ఒక తలుపు తెరుచుకుంటుంది. అవతల నిలబడి ఉన్నది ఎలిజబెత్ బెన్నెట్. బ్రిటన్‌లో ఐటీవీ 2008లో ప్రసారం చేసిన నాలుగు భాగాల సీరియల్ ‘లాస్ట్ ఇన్ ఆస్టెన్’లో కథంతా ఈ తలుపుతోనే. లండన్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకునే అమాండా ప్రైస్‌కి జేన్ ఆస్టెన్ నవల ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ కంఠతా వచ్చు. ఆమె ఆ తలుపులోంచి నవలలోకి వెళ్తుంది. ఎలిజబెత్ మాత్రం మన కాలపు లండన్‌లో ఉండిపోయి, హాయిగా సర్దుకుపోతుంది.

ఎవరికి ఎవరు రాసిపెట్టి ఉన్నారో తనకు తెలుసు కాబట్టి పెళ్లిళ్లన్నీ తానే దగ్గరుండి జరిపించేయొచ్చని అమాండా ధీమా. తీరా ఆమె కాలు పెట్టాక అంతా తారుమారు. ఎలిజబెత్ అక్క జేన్‌ని చూసి మనసు పారేసుకోవాల్సిన ధనికుడు బింగ్లీ ఈ కొత్త పిల్ల చుట్టూ తిరుగుతాడు. పాపం జేన్ పోయి పోయి దూరపు చుట్టం కాలిన్స్‌ని కట్టుకుంటుంది. మధ్యలో అమాండా నవలా నాయకుడు డార్సీని చెరువులో దిగి తడి చొక్కాతో పైకి రమ్మని అడుగుతుంది. ఆ ఈత నవలలో లేనే లేదు. 1995 నాటి బీబీసీ సీరియల్‌లో డార్సీగా కాలిన్ ఫిర్త్ ఈదాడు, అప్పటినుంచి జనం దాన్ని ఆస్టెన్ ఖాతాలో వేసేశారు.

నవ్వులాటకి తీసిన సీరియలే. కానీ ఒక సంగతి బాగా పట్టుకున్నారు. పుస్తకం చదివినవాళ్లకి కథ తెలుస్తుంది, ఆ ఊళ్లో కాపురం చెయ్యడం తెలియదు. ఆస్టెన్ తన కాలంవాళ్ల కోసం రాసింది. వాళ్లకి తెలిసినవేవీ విడమరిచి చెప్పలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ గుమ్మం తొక్కేవాళ్లకి అసలు చిక్కంతా ఆమె చెప్పకుండా వదిలేసిన చోటే.

ఒక్కటి మాత్రం వదల్లేదు. డబ్బు. కొత్త మగాడు నాట్యాల హాల్లోకి రావడమే తడవు, అతని ఆదాయం గదంతా పాకిపోతుంది. డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు, బింగ్లీకి నాలుగైదు వేలు. లాంగ్‌బోర్న్ ఆసామి బెన్నెట్ గారికి 2,000. అయితే అది మగ వారసుడికే చెందాలని పెద్దలు ముందే రాసిపెట్టిన ఆస్తి. ఐదుగురూ ఆడపిల్లలే కాబట్టి ఆయన తర్వాత ఇల్లూ పొలమూ దాయాది కాలిన్స్‌వే. ఆడపిల్లకి దక్కేది తలా 1,000 పౌండ్లు, అదీ తల్లి పోయాక. 4 శాతం వడ్డీకి అది ఏడాదికి 40 పౌండ్లు. రెండు వేలతో గడిచిన ఇంట్లో పెరిగిన పిల్ల నలభైతో గడపాలి.

ఇది తెలిశాక మిసెస్ బెన్నెట్‌ని చూసి నవ్వడం కష్టం. సంబంధాల కోసం ఆవిడ పడే యావ, ఆ అరుపులు, ఆ నరాల నొప్పులు అన్నీ చికాకు పుట్టించేవే. కానీ ఆ ఇంట్లో రేపటి సంగతి ఆలోచించేది ఆవిడొక్కతే. మనం ముచ్చటపడే బెన్నెట్ గారు, ఆ చతురుడు, కొడుకు పుడతాడులే అనుకుంటూ ఏళ్లు గడిపేసి, పైసా వెనకేయలేదు. నాకైతే లాంగ్‌బోర్న్‌లో దిగిన రోజు సాయంత్రానికే ఆవిడ పక్షం చేరిపోతాననిపిస్తుంది.

మన దగ్గర ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. కాలిన్స్ అంటే ఎవరో మన అమ్మమ్మలకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

అందుకే నవలలో కాలిన్స్ పెళ్లికి అడిగితే ఎలిజబెత్ ‘మీరు నాకొద్దు’ అని మొహం మీద చెప్పడం మనకి కనిపించినంత తేలికైన పని కాదు. ఆ ఇంటిని తల్లికీ చెల్లెళ్లకీ నిలబెట్టే దారి ఆ ఒక్క పెళ్లే. స్నేహితురాలు షార్లట్ లూకస్ ఆ లెక్క వేసుకుంది. ఆమెకి 27 ఏళ్లు, అందం లేదు, కట్నం లేదు. ఎలిజబెత్ కాదన్న మనిషికి మూడు రోజుల్లోనే సరేనంది.

ఆస్టెన్‌కి ఈ కూడలి స్వయంగా తెలుసు. 1802 డిసెంబరులో, 27 నిండడానికి రెండు వారాల ముందు, హారిస్ బిగ్ విదర్ అనే ఆస్తిపరుడు పెళ్లికి అడిగితే ఆమె ఒప్పుకుంది. తెల్లారి లేచి వద్దంది. షార్లట్ పట్టుకున్న దారిలో ఒక రాత్రి మాత్రం ఉంది. 1805లో తండ్రి పోయాక తల్లి, అక్క కసాండ్రా, తను అన్నదమ్ములు తలా కొంత ఇచ్చే డబ్బు మీద బతకాల్సి వచ్చింది. బాత్ నగరంలో, సౌతాంప్టన్‌లో అద్దెకీ ఇతరుల పంచనా గడిపాక, 1809లో చాటన్ అనే పల్లెలో అన్న ఎడ్వర్డ్ ఒక ఇల్లిచ్చాడు. ధనికులైన బంధువులు దత్తు తీసుకోవడంతో ఆస్తిపరుడైన అన్న అతను.

ఇక దూరాలు. బింగ్లీ ఇంట్లో జ్వరంతో పడి ఉన్న అక్క కోసం ఎలిజబెత్ మూడు మైళ్లు బురదలో నడిచి వెళ్తే బింగ్లీ అక్కచెల్లెళ్లు ముక్కున వేలేసుకుంటారు. బండి ఉన్న ఇల్లే కదా, ఎందుకు నడిచినట్టు? బండి లాగే గుర్రాలే పొలం పనికీ వెళ్లాలి మరి. ఈ ఒక్క వివరంతో బెన్నెట్ల అంతస్తు ఎంతో అప్పటి పాఠకులకి తెలిసిపోయేది. అదే డార్సీకి మంచి రోడ్డుంటే 50 మైళ్లు కూడా ఒక దూరం కాదు. గుర్రాలున్నవాడి మాట అది.

ఉత్తరం సంగతి ఇంకా విచిత్రం. కవరు ఉండదు. రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అంటించి, పైన చిరునామా రాస్తారు. డబ్బు కట్టేది అందుకున్నవాళ్లు, అదీ దూరాన్నిబట్టి, కాగితాల సంఖ్యనిబట్టి. అందుకని ఒకే కాగితం నిండా రాశాక, దాన్ని పక్కకి తిప్పి అదే రాత మీద అడ్డంగా మళ్లీ రాసేవారు. ఆస్టెన్ నవలల్లోని ఉత్తరాలని ఇలా కళ్లు చిట్లించి చదవాల్సి వస్తుందని మన కొత్త చుట్టానికి ఎవరూ చెప్పరు. ఒక పెన్నీకి దేశంలో ఎక్కడికైనా ఉత్తరం పంపే పద్ధతి వచ్చింది 1840లో.

ఎలిజబెత్ చెల్లెలు లిడియా, పదహారేళ్ల పిల్ల, మిలీషియా అధికారి వికమ్‌తో లేచిపోయిందన్న కబురు అర్ధరాత్రి ప్రత్యేక మనిషి చేత వస్తుంది. వాళ్లు స్కాట్లాండ్ సరిహద్దులోని గ్రెట్నా గ్రీన్‌కే వెళ్లి ఉంటారని మొదట అందరి ఆశ. ఇంగ్లండ్‌లో 1753 చట్టం ప్రకారం 21 నిండనివాళ్ల పెళ్లికి తండ్రి అనుమతి కావాలి, స్కాట్లాండ్‌లో అక్కర్లేదు. వెళ్లలేదని తెలిశాకే ఇంట్లో ఏడుపులు. తర్వాత నడిచింది అచ్చంగా బేరం. వికమ్‌కి వెయ్యి పౌండ్ల పైచిలుకు అప్పులు తీర్చి, పిల్ల పేర మరో వెయ్యి రాసి, సైన్యంలో హోదా కొనిచ్చి డార్సీ అతన్ని పెళ్లి పీటల దాకా తెచ్చాడు.

రాత్రిళ్లు చీకటి. నాట్యాలకి వెన్నెల రోజులు చూసి ముహూర్తం పెట్టుకునేవారు, బండి ఇంటికి చేరాలి కదా. ఇక పన్ను నొప్పి వస్తే అంతే సంగతులు. 1813లో ఆస్టెన్ తన మేనకోడళ్ల వెంట లండన్ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది. మత్తుమందు లేని కాలం. ఒక పిల్లకి రెండు పళ్లు పీకేశారు. మూడు మైళ్లు నడిచిన ఎలిజబెత్ బురద లంగా ఎవరు ఉతికారన్న ప్రశ్న నవల అడగదు. జో బేకర్ 2013లో ‘లాంగ్‌బోర్న్’ అనే నవల రాసి, అదే కథని పనివాళ్ల వైపు నుంచి చెప్పింది. తలుపు తీసుకుని వెళ్లేవాళ్లలో ఎక్కువమందికి దొరికేది ఆ వంటగదే.

నిజంగానే మరో లోకంలోకి వెళ్లిన ఆడపిల్ల ఆస్టెన్ ఇంట్లోనే ఉంది. మేనత్త ఫిలడెల్ఫియా. తల్లీతండ్రీ లేరు, కట్నం లేదు, లండన్‌లో టోపీలు కుట్టే కొట్లో పని నేర్చుకుంది. 1752లో ఓడెక్కి మద్రాసులో దిగింది. మరుసటి ఏడు కడలూరులో ఈస్టిండియా కంపెనీ వైద్యుడు హాంకాక్‌తో పెళ్లయింది. పెళ్లికొడుకుల కోసం అప్పట్లో ఆడపిల్లలు ఇలా సముద్రం దాటి మన తీరానికి వచ్చేవారు. ఆమె కూతురు ఎలైజా కలకత్తాలో పుట్టింది. తర్వాత గవర్నర్ జనరల్ అయిన వారన్ హేస్టింగ్స్ ఆ పిల్లకి జ్ఞానపిత. తర్వాతి కాలంలో ఎలైజా, జేన్ ఆస్టెన్‌కి అన్న అయిన హెన్రీనే పెళ్లాడింది. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ చదివి హేస్టింగ్స్ మెచ్చుకున్నాడని తెలిసి ఆస్టెన్ సంబరపడింది.

ఆ నవలని ఆమె మొదట రాసింది 1796-97లో. తండ్రి ఒక ప్రచురణకర్తకి రాసి అడిగితే, అతను ప్రతి చూడనైనా చూడకుండా వద్దన్నాడు. 1813 జనవరిలో మూడు సంపుటాలుగా, రచయిత్రి పేరు లేకుండా వచ్చింది. వెల 18 షిల్లింగులు. పౌండుకి 20 షిల్లింగులు కాబట్టి, ఏడాదికి 40 పౌండ్లంటే వారానికి 15 షిల్లింగుల పైచిలుకు. తన కథ తాను కొనుక్కోవాలన్నా ఎలిజబెత్‌కి వారం రాబడి చాలదు.

ఆస్టెన్ 150 పౌండ్లు ఆశించింది. ప్రచురణకర్త ఎగర్టన్ 110 ఇచ్చి హక్కులన్నీ రాయించుకున్నాడు. అదే ఏడాది రెండో ముద్రణ వచ్చింది, అందులో ఆమెకి చిల్లిగవ్వ రాలేదు. 1816లో హెన్రీ నడిపే బ్యాంకు దివాలా తీసింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో, చనిపోవడానికి మూడు నెలల ముందు ఆమె వీలునామా రాసింది. ఉన్నదంతా దాదాపు కసాండ్రాకే. విడిగా రాసినవి రెండే మొత్తాలు. హెన్రీకి 50 పౌండ్లు, హెన్రీ ఇంట్లో ఏళ్ల తరబడి పనిచేసిన ఫ్రెంచి ముసలామె మదాం బిజియోకి 50 పౌండ్లు.