ఎక్స్‌పోశాట్: శ్రీహరికోట నుంచి బ్లాక్ హోల్స్‌పై నిఘా.. అసలు ఈ గురుత్వ తరంగాలేంటి?

2024 జనవరి 1, ఉదయం 9.10 గంటలు. తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ58 నింగిలోకి దూసుకెళ్లింది. అందులో వెళ్లిందే ఎక్స్‌పోశాట్. బ్లాక్ హోల్స్, న్యూట్రాన్ నక్షత్రాల గుట్టు తేల్చేందుకు ఇస్రో పంపిన ఉపగ్రహం ఇది.

న్యూట్రాన్ నక్షత్రం అంటే?
భారీ నక్షత్రం పేలిపోయాక మిగిలే ముద్ద. సూర్యుడి కంటే ఎక్కువ బరువు.. కానీ వెడల్పు 20 కిలోమీటర్లే! అంటే తిరుపతి నుంచి ఘాట్ రోడ్డులో తిరుమలకు వెళ్లేంత దూరం. నక్షత్రం ఇంకా పెద్దదైతే కాంతి కూడా తప్పించుకోలేని బ్లాక్ హోల్‌గా మారుతుంది.

ఎక్స్‌పోశాట్ ఏం చేస్తుంది?
బ్లాక్ హోల్ నుంచి వెలుగు రాదు. కానీ అందులో పడబోయే పదార్థం విపరీతంగా వేడెక్కి ఎక్స్-కిరణాలు వెదజల్లుతుంది. వాటిని భూమి వాతావరణం అడ్డుకుంటుంది. అందుకే 650 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం కావాల్సి వచ్చింది. ఇందులో రెండు పరికరాలున్నాయి. పోలిక్స్‌ను బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసింది. ఎక్స్-కిరణాలు ఏ దిశలో కంపిస్తున్నాయో ఇది కొలుస్తుంది. దాన్నిబట్టి అక్కడి అయస్కాంత క్షేత్రం తీరు తెలుస్తుంది. రెండోది ఎక్స్‌పెక్ట్.. ఆ కిరణాల్లో ఏ శక్తివి ఎంత ఉన్నాయో లెక్క తేలుస్తుంది. సెకనుకు 30 సార్లు తిరిగే క్రాబ్ పల్సర్‌ను పోలిక్స్ తొలి నెలలోనే పరిశీలించింది.

మరి గురుత్వ తరంగాలు?
ఎక్స్-కిరణాలు, రేడియో, మనం చూసే వెలుగు.. ఇవన్నీ విద్యుదయస్కాంత తరంగాలే. గురుత్వ తరంగాలు వేరు. రెండు బ్లాక్ హోల్స్ లేదా న్యూట్రాన్ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి ఢీకొంటే అంతరిక్షమే చెరువులో అలలా వణుకుతుంది. అమెరికాలోని లైగో 2015 సెప్టెంబర్ 14న తొలిసారి దీన్ని పట్టుకుంది.

2017 ఆగస్టు 17న అసలు అద్భుతం జరిగింది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్న అలలు అందిన 1.7 సెకన్లకే గామా కిరణాలూ వచ్చేశాయి. ఒకే సంఘటనను ప్రపంచం 'విన్నది', 'చూసింది' కూడా. బంగారం లాంటి బరువైన లోహాలు ఇలాంటి ఢీకొట్టుడులో పుడతాయనడానికి గట్టి ఆధారం దొరికింది. అంటే మన ఒంటిమీద నగల్లోని బంగారంలో కొంతైనా అలా వచ్చినదే కావొచ్చు!

భారత్ వంతు ఎప్పుడు?
మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో లైగో-ఇండియా కోసం 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ రూ.2,600 కోట్లు మంజూరు చేసింది. అలలు ఆకాశంలో ఎటు నుంచి వచ్చాయో కచ్చితంగా తేలాలంటే, దూరదూరంగా ఎక్కువ కేంద్రాలుండాలి. దిశ తెలిస్తేనే టెలిస్కోపులు వెంటనే అటు తిరుగుతాయి. లేదంటే ఆ వెలుగు చల్లారిపోతుంది. అందుకే హింగోలి కేంద్రం కోసం ప్రపంచ శాస్త్రవేత్తలు ఎదురుచూస్తున్నారు.