ఇండ్లు ముందు, ఊరు వెనుక – కూకట్‌పల్లి కథ

చరిత్ర యనగనే మనకు కోటలు, యుద్ధములు, శాసనములు స్ఫురించును. సామాన్య గృహస్థుడు ఇల్లు కట్టుకొనుటయు, అద్దెకు చేరుటయు, పుట్టిన ఊరు విడిచి వేరొక ఊరు చేరుటయు చరిత్రలోనివి కావని పలువురు తలతురు. కాని గడచిన యేబది యేండ్లలో తెలుగువారి జీవనమును ఇండ్లు మార్చినంతగా రాజులెవ్వరును మార్చలేదు. హైదరాబాదునకు వాయవ్యదిశను, బొంబాయి పోవు రహదారిపై నున్న కూకట్‌పల్లి ఇందులకు మంచి నిదర్శనము. కోస్తా జిల్లాలలో గాని, రాయలసీమలో గాని, తెలంగాణములో గాని, ఆ ప్రాంతమున కాపురమున్న చుట్టమొక్కరైనను లేని కుటుంబములు నేడు కొలదిగనే యుండును. కావున ఆ ఊరి కథ పరాయి ఊరి కథ కాదు. మన గ్రామముల కథయే అక్కడ కొనసాగుచున్నది.

ఊరు పెరుగుటకు రెండు క్రమములు కలవు. నీరు, దారి, బడి మొదలైనవి ముందు ఏర్పడి, పిమ్మట ఇండ్లు వెలయుట యొకటి. ఇండ్లు ముందు వెలసి, తక్కినవి వాని వెంట పరుగెత్తుట రెండవది. కూకట్‌పల్లి చాలవరకు రెండవ క్రమమున పెరిగిన ఊరు. ఆ క్రమమువలన కలిగిన లాభనష్టములను తెలిసికొనుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదటి క్రమమునకు హైదరాబాదు చరిత్రలోనే దృష్టాంతము కలదు. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా నిర్మించిన ఆ నగరమును 1908 సెప్టెంబరు 28న మూసీనది వరద ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. పిదప మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా ననుసరించి వరదను కట్టడిచేయు జలాశయములకు పూనుకొనిరి. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియై, వరదభయమును తగ్గించుటయే గాక నగరమునకు త్రాగునీటి నొసగెను. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకువాడలను తొలగించి, నాంపల్లి, మలకపేట వంటి చోట్ల గాలి వెలుతురు గల ఇండ్లను వరుసలుగా కట్టించెను. అట్టి ఇండ్లు అందరికిని దొరకలేదన్నమాట నిజమే. అయినను, ఇల్లు కట్టుటకు ముందు వీథి, మురుగుకాలువ, నీరు ఆలోచింపవలెనన్న సూత్రము ఆనాటి పనులలో స్పష్టముగా కనబడును.

ఆ కాలమున కూకట్‌పల్లి చెరువులు, మెట్టచేలు, నల్లరాతి గుట్టలు గల పల్లె. మూసాపేట, హైదర్‌నగరు, హఫీజుపేట, మియాపూరు దాని ఇరుగుపొరుగు గ్రామములు. ఒక చెరువు అలుగు పొర్లి వేరొక చెరువు నిండునట్లు పూర్వులు కట్టిన గొలుసుకట్టు చెరువులే ఆ ప్రాంతపు సేద్యమునకు ఆధారము. ఆ నీరు తుదకు కూకట్‌పల్లి వాగుద్వారా హుస్సేన్‌సాగరమునకు చేరెడిది. ఈ వాగు సంగతి మరల ప్రస్తావనకు వచ్చును.

మార్పు పరిశ్రమలతో మొదలయ్యెను. 1942లో ఆల్విన్ సంస్థ స్థాపింపబడి, సనత్‌నగరు ప్రాంతము పారిశ్రామికవాడగా ఎదుగసాగెను. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి హైదరాబాదు రాజధాని యైన పిమ్మట ఆ వేగము హెచ్చెను. 1960ల దశకములో బాలానగరు చెంత సోవియట్ సహాయముతో ఐ.డి.పి.ఎల్. మందుల కర్మాగారమును, రామచంద్రాపురమున భెల్ కర్మాగారమును వెలసెను. పెద్ద సంస్థలు తమ ఉద్యోగులకు క్వార్టర్లు కట్టించినవి. కాని పెద్ద కర్మాగారము చుట్టును పుట్టు చిన్న కార్ఖానాల పనివారికిని, వారికి కూడు వండి పెట్టువారికిని, బట్టలు కుట్టువారికిని క్వార్టర్లు కట్టించువారెవరు? వారు సమీప గ్రామములలో గదులు అద్దెకు తీసికొనిరి. రంగధాముని చెరువును జనులు పక్కనున్న కార్ఖానా పేరిట ఐ.డి.ఎల్. చెరువని పిలువసాగిరి. చెరువు పేరు మారుట చిన్న విషయమువలె తోచును గాని, ఊరు ఎవరి మీద ఆధారపడి బ్రతుకుచున్నదో అది తెలుపును.

తరువాతి ఘట్టము భూమికి సంబంధించినది. 1975లో హైదరాబాదు నగరాభివృద్ధి సంస్థ, అనగా హుడా, ఏర్పడెను. 1976లో పట్టణ భూపరిమితి చట్టము వచ్చెను. దాని ప్రకారము హైదరాబాదువంటి నగరములలో ఒకరు ఉంచుకొనదగిన ఖాళీస్థలము 1000 చదరపు మీటర్లకు మించరాదు. మిగులుభూమిని పేదల ఇండ్లకు వినియోగింపవలెనని చట్టము చేసినవారి ఆశయము. ఆచరణలో మాత్రము ఎంతయో భూమి మినహాయింపులలోను, కోర్టు వ్యాజ్యములలోను చిక్కుకొని, సక్రమమైన ఇంటిస్థలము కరవయ్యెను. 1999లో కేంద్రము ఆ చట్టమును రద్దుచేయగా, ఆంధ్రప్రదేశ్ ఆ రద్దును 2008లో అంగీకరించెను.

ఈ నడుమ, 1980ల దశకములో, ఆంధ్రప్రదేశ్ హౌసింగుబోర్డు కూకట్‌పల్లియందు ఒక మహాకాలనీని ఫేజుల వారీగా నిర్మించెను. నేడు కె.పి.హెచ్.బి. అని అందరును పిలుచునది ఇదియే. అందలి ఇండ్లకు పెట్టిన పేర్లు విచిత్రములు. ఇ.డబ్ల్యు.ఎస్. అనగా ఆర్థికముగా వెనుకబడినవారి ఇల్లు, ఎల్.ఐ.జి. అనగా అల్పాదాయ వర్గము, ఎం.ఐ.జి. అనగా మధ్యాదాయ వర్గము, హెచ్.ఐ.జి. అనగా అధికాదాయ వర్గము. పూర్వము పల్లెలలో ఇంటికి ఇంటిపేరో, వృత్తిపేరో గుర్తుగా నుండెడిది. ఇచ్చట యజమాని ఆదాయమే గుమ్మముమీది గుర్తయ్యెను. వాయిదాలపై సొమ్ము చెల్లించి, చిన్న ఉద్యోగులును, కార్మికులును సొంత ఇంటివారైరి. అద్దెయింట పుట్టి అద్దెయింటనే గడచిపోవలసిన అనేక కుటుంబములకు ఇది గొప్ప మేలు. వీథులు కొలతప్రకారము ఏర్పడినవి. బడులకు, ఉద్యానములకు, బజారునకు చోట్లు విడిచిరి. కూకట్‌పల్లిలో మొదటి క్రమమునకు దగ్గరగా వచ్చినది ఈ కాలనీయే.

కాని కాలనీ చుట్టునున్న భూములలో రెండవ క్రమము స్వైరవిహారము చేసెను. రైతులు పొలములు అమ్మిరి. కొన్నవారు వానిని స్థలములుగా కోసి, గ్రామపంచాయతి అనుమతితోనో, ఆ అనుమతియు లేకనో విక్రయించిరి. వీథి యెంత వెడల్పు, మురుగు ఎటు పారవలెను, వాననీరు ఏ చెరువునకు చేరవలెను అన్న ప్రశ్నలు క్రయపత్రములలో కానరావు. కొన్నవాడు దుర్మార్గుడు కాడు. జీవితకాలపు పొదుపును గజములలోనికి మార్చుకొన్న సామాన్యుడు. అతడు ఇల్లు కట్టుకొని, కరెంటు తెచ్చుకొని, పన్ను కట్టిన పిమ్మట ప్రభుత్వము వచ్చి ఈ ఇల్లు సక్రమమా యని అడిగెను. 2007 చివర అక్రమ కట్టడములను, అనుమతిలేని లేఅవుట్లను రుసుము తీసికొని క్రమబద్ధము చేయు పథకములు ప్రకటింపబడెను. ముందు కట్టి పిదప అనుమతి పొందు పద్ధతికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము వలయునా?

ఇక జనము సంగతి. మొదట వచ్చినవారు కార్మికులు, ప్రభుత్వోద్యోగులు. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము స్థాపింపబడి, కూకట్‌పల్లి దాని కేంద్రస్థానమగుటతో విద్యార్థులు వచ్చిరి. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాలనుండి పిల్లల చదువుకొరకు తల్లిదండ్రులే కదలివచ్చిరి. ఒకడు వచ్చి స్థిరపడినచో బావమరిదికి గది చూచును. బావమరిది తన ఊరివానికి చూచును. ఇండ్లు కట్టుటకు పాలమూరునుండియు, శ్రీకాకుళమునుండియు కూలీలు వచ్చిరి. తరువాత ఒడిశా, బీహారు వారును తోడైరి. అంతస్తు పైకి లేచుచుండగా దాని పక్కనే రేకులపాకలో కాపురముండి, కట్టడము ముగియగనే మూటముల్లె సర్దుకొని వేరొక పునాదికడకు పోవు ఆ కుటుంబములు ఊరిని కట్టిరి గాని, ఊరిలో వారికి స్థిరమైన చిరునామా లేదు.

1998 నవంబరులో మాదాపురమున సైబర్ టవర్సు ప్రారంభము కాగా కూకట్‌పల్లి దశ మరల మారెను. సమీపమున అద్దె తక్కువ గల చోటగుటచే కంప్యూటరు ఉద్యోగులును, ఉద్యోగార్థులును అచ్చట గుమికూడిరి. హౌసింగుబోర్డు వారి చిన్న ఇండ్లపై అంతస్తులు లేచినవి. వానిలో వసతిగృహములు నెలకొనినవి. ఒకనాడు ఆర్థికముగా వెనుకబడినవారికని కట్టిన ఇల్లు నేడు నాలుగంతస్తులై, నెలనెల అద్దె తెచ్చుచుండుట చూడవచ్చును. గుమ్మముపై వర్గము పేరు మాత్రము అట్లే యున్నది. మాటలును కలిసినవి. తెలంగాణ గృహస్థుడు ‘కిరాయి’ అనును. కోస్తానుండి వచ్చినవాడు ‘అద్దె’ అనును. నెల మొదటి తేదీన ఇద్దరికిని అర్థమొక్కటే. రైతుబజారులో ఒకరు ఆనపకాయ, మరొకరు సొరకాయ అడిగినను అమ్మునది ఒక్క కాయనే.

ఈ పెరుగుదలను అంకెలలో చూతము. 2001 జనగణన ప్రకారము కూకట్‌పల్లి పురపాలక సంఘపు జనసంఖ్య సుమారు 2 లక్షల 90 వేలు. ఇది ఆనాటి కాకినాడ నగర జనసంఖ్యకు ఇంచుమించు సమానము. కాకినాడకు ఓడరేవు, జిల్లా కార్యాలయములు, వైద్యకళాశాల, తరతరముల పురపాలనానుభవము కలవు. కూకట్‌పల్లికి అట్టివి సమకూరుటకు కాలము చాలలేదు. 1991, 2001 నడుమ పాత హైదరాబాదు నగరపాలక సంస్థ పరిధిలోని జనము సుమారు 30 లక్షలనుండి 36 లక్షలకు పెరిగెను. అసలు పరుగు చుట్టునున్న శివారులది. 2007 ఏప్రిలు 16న కూకట్‌పల్లితో సహా 12 పురపాలక సంఘములను, కొన్ని గ్రామపంచాయతులను కలిపి గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ నేర్పరచిరి. నియోజకవర్గముల పునర్విభజన ఫలితముగా 2009 ఎన్నికలలో కూకట్‌పల్లి తొలిసారిగా ప్రత్యేక శాసనసభా స్థానమయ్యెను. జనము ముందు, ప్రాతినిధ్యము వెనుక!

2011 జనగణన నాటికి మహానగర జనసంఖ్య 67 లక్షలు దాటెను. కూకట్‌పల్లి పురపాలక సంఘము అప్పటికి లేనందున దాని లెక్క అందులో లీనమయ్యెను. 2021లో జరుగవలసిన జనగణన వాయిదా పడెను; 2027 జనగణనకు కేంద్రప్రభుత్వము 2025లో ప్రకటన వెలువరించెను. పదేండ్లకొకమారు జరుగవలసిన లెక్క ఆలస్యమైనచో స్థిరముగా నున్న గ్రామమునకు పెద్ద హాని లేదు. ఏటేట పెరుగు శివారునకు మాత్రము అది ప్రాణసంకటము. ఎందరికి నీరు కావలెనో తెలియక ఎంత గొట్టము వేయుదురు?

నీటి విషయమున ఊరు వెనుకబడిన తీరు మిక్కిలి బాధాకరము. 1989లో ఏర్పడిన జలమండలి ముఖ్యముగా పాతనగరపు పరిధికే సేవచేయుటచే, శివారువాసులు చాలకాలము బోరుబావులను, టాంకరులను నమ్ముకొనిరి. నల్లరాతినేలలో పగుళ్ల నడుమ నిలిచిన నీరు ఎన్నాళ్లు వచ్చును? 2004లో కృష్ణాజలములును, 2015లో గోదావరీజలములును నగరమునకు చేరిన పిమ్మట కొంత ఊరట కలిగెను. అంతలో చెరువులు కుంచించుకుపోయినవి. హుస్సేన్‌సాగరమును నింపిన కూకట్‌పల్లి వాగు కార్ఖానాల మురుగును, ఇండ్ల మురుగును మోయు నాలా యయ్యెను. 2020 అక్టోబరులో కుండపోతవాన కురిసినపుడు హైదరాబాదు నగరములో అనేక కాలనీలు నీట మునిగెను. నీరు తన పాత దారిని మరువదు; మరచినది మనుష్యులే.

2017 నవంబరులో మియాపూరునుండి మెట్రోరైలు కూకట్‌పల్లిమీదుగా నడువసాగెను. అదియు ఇండ్లు నిండిన తరువాతనే వచ్చినది.

ఇవన్నియు చెప్పుట కూకట్‌పల్లిని నిందించుటకు కాదు. లక్షలమందికి నీడనిచ్చిన ఊరది. పల్లెలో పనిలేని యువకునికి పని చూపినది, ఆడపిల్ల ఒంటరిగా ఉండి చదువుకొనుటకు వీలు కల్పించినది. కాని ఇల్లు సొంతము, ఊరు అందరిది. సొంతదానికొరకు ప్రతివాడును ప్రాణము పెట్టును. అందరిదానికొరకు ముందుగా చోటు విడువనిచో తరువాత కోట్లు పోసినను దొరకదు. హౌసింగుబోర్డు విడిచిన వీథులును, బడిస్థలములును నేటికిని ఆ కాలనీకి ఊపిరి. పక్కనున్న ఇరుకు సందులలో ఇప్పుడు ఒక చిన్న గ్రంథాలయమునకైనను స్థలము వెదకుట కష్టము. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయపు సెస్సు వసూలు చేయుటకు చట్టము కలదు. సొమ్ముండియు చోటు లేకున్న గ్రంథాలయ మెక్కడ వెలయును?

నేడు మన గ్రామముల అంచులలోను పొలములు స్థలములగుచున్నవి. సరిహద్దు రాళ్లు నాటుచున్నారు. ఈ రజతోత్సవవేళ గ్రంథాలయాభిమానులు చేయదగిన పని యొకటి కలదు. మన ఊరి ఇండ్ల పుస్తకమొకటి తెరువవలెను. ఏ ఇల్లు ఏనాడు కట్టిరి, ఎందరున్నారు, ఎవరు ఏ ఊరు పోయిరి, ఏ ఇల్లు తాళము పడియున్నది, ఏ కాలువ ఏ చెరువునకు పారును అన్న వివరములను అందు వ్రాసి యుంచవలెను. కొత్తగా స్థలములు కోయు దినమున పంచాయతిలో ఆ పుస్తకము తెరచి, కాలువను, బడిని, వీథి వెడల్పును ముందు గుర్తించి, ఆ తరువాతనే గజముల లెక్క మొదలుపెట్టవలెను.