జమ్మికుంట మీదుగా సాగిన డీజిల్ ఇంజిన్ల రంగులు: చరిత్ర, పరిరక్షణ

పత్తి మార్కెట్టుకు పేరుపొందిన జమ్మికుంట పట్టణం ఉత్తర తెలంగాణలో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం మీద ఉంది. ఈ మార్గం 1929లో పూర్తయి మద్రాసును ఢిల్లీతో సూటిగా కలిపిన నాటి నుంచి ఉత్తర, దక్షిణ భారతాల మధ్య తిరిగే ప్రధాన రైళ్లు ఈ ఊరి మీదుగా నడుస్తున్నాయి. దీన్ని నిర్మించిన నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను 1930లో నిజాం ప్రభుత్వం తన ఆధీనంలోకి తీసుకోగా, 1951లో అది మధ్య రైల్వేలో విలీనమైంది; 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు మార్గాలు ఆ కొత్త జోన్‌కు చేరాయి. ఒకే పట్టాల మీద బొగ్గు ఇంజిన్లు, డీజిల్ ఇంజిన్లు, కరెంటు ఇంజిన్లు వరుసగా ఏలిన మూడు యుగాల్లో డీజిల్ యుగమే అన్నింటికన్నా చిన్నది. అయినా ఇంజిన్ ఏ ఊరి షెడ్డుకు చెందినదో, ఏ పనికి కేటాయించినదో దాని ఒంటి రంగును బట్టే గుర్తుపట్టగలిగిన కాలం అది. ఆ రంగుల చరిత్రను నమోదు చేయడం రైల్వే చరిత్రలోనే గాక జమ్మికుంట, కాజీపేట, రామగుండం, మంచిర్యాల వంటి రైలు ఊళ్ల చరిత్రలో కూడా ఒక అవసరమైన అధ్యాయం.

రంగుల కూర్పు, దాని ప్రయోజనం

రైల్వే సిబ్బంది లివరీ అని పిలిచే రంగుల కూర్పులో అనేక నిర్ణయాలు ఇమిడి ఉంటాయి. ఇంజిన్ దేహంలో ఏ భాగానికి ఏ రంగు వేయాలి, పట్టీ ఎంత వెడల్పున ఉండాలి, అది ఎక్కడ మొదలై ఎక్కడ వంగాలి, ఇంజిన్ సంఖ్యను, షెడ్డు పేరును, జోన్ సంకేతాక్షరాలను ఏ చోట రాయాలి అన్నవన్నీ అందులోకి వస్తాయి. ఉక్కును తుప్పు నుంచి కాపాడడం రంగు చేసే మొదటి పని కాగా, లెవెల్ క్రాసింగుల దగ్గర, యార్డుల్లో ఇంజిన్ దూరం నుంచే కంటికి ఆనేటట్లు చేయడం రెండో పని. యాజమాన్యాన్ని చాటడం ఆ తరువాతిది. ఛాయలను గుర్తించడానికి భారత ప్రమాణాల్లో ఐఎస్ 5 అనే పట్టిక ఉంది. అందులో ప్రతి రంగుకూ ఒక సంఖ్య ఉంటుంది. సిగ్నల్ రెడ్‌కు 537, గోల్డెన్ ఎల్లోకు 356 అన్నవి అటువంటి సంఖ్యలే. ఎరుపు అంటే చూసేవారికి పది ఎరుపులు తోచవచ్చు గాని, 537 అంటే పెయింటరుకైనా పరిశోధకుడికైనా ఒక్కటే. పరిరక్షణలో ఈ సంఖ్యల విలువ ఏమిటో తరువాత తెలుస్తుంది.

ఆల్కో ఇంజిన్ల రాక

భారత రైల్వేల్లో ప్రధాన మార్గాల మీద డీజిల్ వాడకం 1957–58లో అమెరికా నుంచి వచ్చిన వంద డబ్ల్యూడీఎం-1 ఇంజిన్లతో ఊపందుకుంది. ఆ పేరులోని డబ్ల్యూ బ్రాడ్‌గేజిని, డీ డీజిల్‌ను, ఎం ప్రయాణికుల బండ్లకూ గూడ్సు బండ్లకూ పనికివచ్చే మిశ్రమ వినియోగాన్ని, చివరి అంకె నమూనా వరుసను సూచిస్తాయి. దీని తరువాత అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అంటే ఆల్కో, రూపొందించిన డబ్ల్యూడీఎం-2 ఇంజిన్లు 1962లో దిగుమతయ్యాయి. పదహారు సిలిండర్లతో 2600 అశ్వశక్తిని ఇచ్చే ఈ ఇంజిన్‌ను వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్‌లో కూర్చడం 1964 జనవరిలో మొదలైంది; అక్కడ తయారైన మొదటి ఇంజిన్‌కు కుందన్ అని పేరు పెట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో ఆల్కో సంస్థ 1969లోనే మూతపడినా, వారణాసిలో డబ్ల్యూడీఎం-2 తయారీ 1998 దాకా సాగి, మొత్తం సంఖ్య రెండున్నర వేలు దాటింది. పుట్టినిల్లు మూతపడిన తరువాత మూడు దశాబ్దాల పాటు ఒక యంత్రం మరో దేశంలో తయారవుతూ, అక్కడి షెడ్ల రంగులు పూసుకుంటూ సాగడం ప్రపంచ రైలు చరిత్రలో అరుదైన విషయం.

జమ్మికుంట మీదుగా 1970, 80 దశకాల్లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, 1976లో మొదలైన ఆంధ్రప్రదేశ్ ఎక్స్‌ప్రెస్ వంటి దూరప్రయాణపు బండ్లను లాగినవి ఈ ఇంజిన్లే. బోగీల సంఖ్య పెరిగినప్పుడు ఒకే బండికి రెండు ఇంజిన్లను జతచేయడం వాడుకలోకి రావడంతో, ఒకే షెడ్డు రంగుల్లో ఉన్న జంట ఇంజిన్లు ముదురు ఎరుపు బోగీల వరుసను లాక్కుపోయే దృశ్యం ఈ మార్గానికి పరిచితమైంది. సింగరేణి బొగ్గు, పత్తి బేళ్లు, సిమెంటు, ఎరువులు మోసిన గూడ్సు బండ్లకు కూడా ఇవే ఆధారం. అందువల్ల ఈ ఇంజిన్ల రంగులు ఊరి వ్యాపార చరిత్రతో కూడా ముడిపడి ఉన్నాయి.

ఇంజిన్ దేహం మీద రంగు తీరు

డబ్ల్యూడీఎం-2ను పక్క నుంచి పరిశీలిస్తే రంగుల కూర్పుకు దాని ఆకారమే పునాది అని తెలుస్తుంది. డ్రైవరు గది మధ్యలో గాక ఒక కొసకు దగ్గరగా ఉంటుంది. దానికి ఒక పక్కన పొట్టి ముక్కు, రెండో పక్కన ఇంజిన్‌ను, జనరేటర్‌ను, రేడియేటర్‌ను కప్పి ఉంచే పొడవాటి ముక్కు ఉంటాయి. వీటినే షార్ట్ హుడ్, లాంగ్ హుడ్ అంటారు. లాంగ్ హుడ్ పక్కల్లో వరుసగా తలుపులుంటాయి, వాటి బయట మనిషి నడిచే సన్నని దారి, చేతికమ్మీ ఉంటాయి. రంగు పట్టీ ఈ తలుపులన్నింటి మీదుగా ఒకే ఎత్తులో సాగి, గది కిటికీల కింద కొనసాగి, ముక్కు కొసన కిందికి వంగుతుంది లేదా కోణంగా కలుస్తుంది. చేతితో వేసే పద్ధతిలో చాక్‌పొడి అద్దిన దారాన్ని బిగించి వదిలి గీత తీసుకుంటారు, ఆ గీత వెంబడి టేపు అంటించి రంగు వేస్తారు. మరమ్మతులో ఒక తలుపును తీసి వేరే ఇంజిన్ తలుపు బిగిస్తే పట్టీ ఆ ఒక్క చోట అర అంగుళం పైకో కిందికో జరిగి కనిపిస్తుంది. జాగ్రత్తగా తీసిన పాత ఫొటోలో ఇటువంటి చిన్న తేడా కూడా ఆ ఇంజిన్ మరమ్మతు చరిత్రకు సాక్ష్యమవుతుంది.

రంగు పాడయ్యే తీరు కూడా ఇంజిన్ పనిని చెబుతుంది. ఎక్కుడు మీద గాని, బయలుదేరేటప్పుడు గాని ఆల్కో ఇంజిన్ విడిచే నల్లని పొగ పైకప్పును, పొగగొట్టం చుట్టుపక్కలను మసిబారుస్తుంది. అయిదు వేల లీటర్ల ఇంధనపు ట్యాంకు దగ్గర ఒలికిన డీజిల్ రంగును మెత్తబరుస్తుంది. పోత ఇనుప బ్రేకు దిమ్మెల నుంచి రాలే పొడి కింది భాగాలకు పట్టి, మొదట ఏ రంగు వేసినా చివరకు గోధుమ ఛాయకు తెస్తుంది. నిర్ణీత కాలానికి పూర్తిగా విప్పి చేసే మరమ్మతును పీరియాడికల్ ఓవర్‌హాలింగ్ అంటారు. ఆ సమయంలో పాత రంగును గీకి, తుప్పు నిరోధక ప్రైమరు, దాని మీద లప్పం, ఆ పైన ఎనామెల్ వేస్తారు. పాత పొరలు పూర్తిగా పోని చోట్ల ఒకదాని మీద ఒకటిగా మిగిలిపోతాయి.

షెడ్ల సొంత రంగులు

ఇంజిన్లన్నీ ఒకే కర్మాగారం నుంచి వచ్చినా, వాటి బాగోగులు చూసేది ఆయా ఊళ్ల లోకో షెడ్లు కనుక రంగుల్లో వైవిధ్యానికి అక్కడే బీజం పడింది. దక్షిణ మధ్య రైల్వేలో గుత్తి, గుంతకల్, విజయవాడ, మౌలాలి షెడ్లతో పాటు కాజీపేట డీజిల్ షెడ్డు ప్రముఖమైనది. దాని సంకేతాక్షరాలైన కేజడ్‌జే ఇంజిన్ పక్కన కనిపిస్తే అది ఇంటి ఇంజిన్ అని ఈ ప్రాంతపు రైల్వే కుటుంబాలు ఇట్టే పోల్చుకునేవి. దేశవ్యాప్తంగా ముదురు ఎరుపు మీద పసుపు గీత, నారింజ రంగు మీద మీగడ పట్టీ, నీలం మీద తెలుపు వంటి కూర్పులు షెడ్డు షెడ్డుకూ మారుతూ వచ్చాయి. 1990ల మధ్యలో సరుకు రవాణా కోసం వచ్చిన 3100 అశ్వశక్తి డబ్ల్యూడీజీ-3ఏ ఇంజిన్లకు ఆకుపచ్చ, పసుపు కలిసిన కూర్పు గుర్తింపుగా నిలిచింది. అదే దశాబ్దంలో వాక్యూమ్ బ్రేకుల స్థానంలో ఎయిర్ బ్రేకులు వచ్చి, వాటికి గుర్తుగా బోగీలు ముదురు ఎరుపు నుంచి నీలానికి మారడంతో, బండి మొత్తం రూపమే కొత్తదైంది.

అయితే జమ్మికుంటలో ఆ మార్పుకు ముందే మరో పెద్ద మార్పు జరిగిపోయింది. 1980ల చివరలో కాజీపేట–బల్లార్షా మార్గం విద్యుదీకరణ పూర్తికావడంతో ప్రధాన రైళ్లు కరెంటు ఇంజిన్ల చేతికి వెళ్లాయి. డీజిల్ ఇంజిన్లు కొన్ని గూడ్సు బండ్లకు, పట్టాల పనులకు, తరువాతి కాలంలో పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా 2017లో నిజామాబాద్ దాకా పూర్తయిన కొత్త మార్గానికి పరిమితమయ్యాయి. రామగుండం విద్యుత్ కేంద్రం గని నుంచి బొగ్గును తెచ్చుకోవడానికి సొంత పట్టాల మీద సొంత డీజిల్ ఇంజిన్లను నడుపుకోవడం ఈ ప్రాంతపు డీజిల్ చరిత్రలో మరొక పాయ. వారణాసి కర్మాగారం కూడా 2018లో డబ్ల్యూడీజీ-3ఏ ఇంజిన్లను జంటగా కరెంటు ఇంజిన్‌గా మార్చి చూపింది. 2020లో ఆ కర్మాగారం పేరులోంచే డీజిల్ అన్న మాట తొలగి బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అయింది.

ఇతర దేశాల అనుభవం

రంగుల కూర్పును చారిత్రక వారసత్వంగా గుర్తించడంలో అమెరికా, బ్రిటన్ ముందున్నాయి. శాంటా ఫే రైల్వే కోసం 1937లో లేలాండ్ నికర్‌బాకర్ అనే చిత్రకారుడు రూపొందించిన ఎరుపు–వెండి కూర్పును అక్కడివారు వార్‌బానెట్ అంటారు. అది ఆ రైల్వేకే చిహ్నంగా మారింది. నార్‌ఫోక్ సదరన్ సంస్థ 2012లో తనలో కలిసిపోయిన పాత రైల్వేల రంగులను ఇరవై కొత్త ఇంజిన్లకు వేయించి, అంతరించిన సంస్థల జ్ఞాపకాన్ని పట్టాల మీదికి తెచ్చింది. బ్రిటన్‌లో 1960ల తొలినాళ్లలో ఆకుపచ్చ రంగుతో వచ్చిన డెల్టిక్ ఇంజిన్లు, 1965లో కొత్త నీలం కూర్పు ప్రవేశించిన తరువాత క్రమంగా నీలానికి మారాయి. 1982లో అవి విరమించినప్పుడు ఒక అభిమానుల సంఘం రెండు ఇంజిన్లను కొని, ఒకదానిని ఆకుపచ్చలో, మరొకదానిని నీలంలో నిలిపింది. ఒకే ఇంజిన్‌కు ఒకటికి మించిన నిజరూపాలు ఉంటాయని, దేన్ని చూపిస్తున్నామో కాలంతో సహా చెప్పాలని ఆ సంఘం పని నిరూపించింది.

పరిరక్షణ ఎలా ఉండాలి

భారతదేశంలో పరిరక్షణ ప్రధానంగా బొగ్గు ఇంజిన్ల చుట్టూ సాగింది. న్యూఢిల్లీలో 1977లో ప్రారంభమైన జాతీయ రైలు మ్యూజియంలో తొలితరం డీజిల్ ఇంజిన్లు కొన్నింటికి చోటు దక్కింది, కుందన్‌ను వారణాసిలో భద్రపరిచారు. కాని వేల సంఖ్యలో తయారైన యంత్రానికి అటువంటి ఒకటి రెండు నమూనాలు చాలవు, ఎందుకంటే షెడ్ల వారీ వైవిధ్యమే ఆ యంత్రపు భారతీయ చరిత్ర. ఒక ఇంజిన్‌ను స్టేషను ముందు దిమ్మె మీద నిలిపి, దొరికిన మెరిసే రంగు పూస్తే ఇనుము మిగులుతుంది గాని చరిత్ర మిగలదు.

సరైన పద్ధతిలో మొదటి మెట్టు రంగు పొరల పరీక్ష. ఇంజిన్ దేహంలో మరుగున ఉన్న చోట, అంటే తలుపు లోపలి అంచునో చేతికమ్మీ మొదలునో ఎంచుకొని, అరచేతి వెడల్పున గరుకు కాగితంతో మెల్లగా అరగదీస్తే పాత పూతలు ఉల్లిపొరల్లా ఒకదాని చుట్టూ ఒకటి బయటపడతాయి. ఆ ఒక్కొక్క ఛాయను ఐఎస్ 5 పట్టికతో సరిపోల్చి సంఖ్యతో రాసుకోవాలి. 1970ల నాటి కలర్ ఫొటోల్లో రంగులు కాలక్రమేణా వెలిసిపోతాయి గనుక ఛాయ కోసం వాటిని నమ్మలేము. పట్టీ వెడల్పు, అక్షరాల చోటు, సంఖ్య రాసిన తీరు తెలుసుకోవడానికి మాత్రం వాటిని మించిన ఆధారం లేదు. షెడ్లలో అక్షరాలు రాయడానికి వాడిన రేకు అచ్చులు, పెయింటర్ల పద్దు పుస్తకాలు, పదవీ విరమణ చేసిన పనివారి మౌఖిక సాక్ష్యాలు వీటికి తోడు కావాలి. ఈ సాక్ష్యాలు మనుషులతో పాటే వెళ్లిపోతాయి కనుక వాటి సేకరణే అన్నింటికన్నా తొందర పని.

ఈ పనికి కాజీపేట తగిన కేంద్రం. డీజిల్ ఇంజిన్లను పోషించిన షెడ్డు అక్కడిది, వాటిని ఎరిగిన కార్మిక కుటుంబాలు కాజీపేట నుంచి బెల్లంపల్లి దాకా ఉన్నాయి. జమ్మికుంట, ఉప్పల్, బిసుగిర్ షరీఫ్, ఓదెల వంటి స్టేషన్ల పరిసరాల్లో నివసించేవారి ఇళ్లలో ప్లాట్‌ఫారం మీద తీయించుకున్న కుటుంబ ఫొటోల వెనుక అనుకోకుండా పడిన ఇంజిన్లు ఉండవచ్చు. అటువంటి ఫొటోలను తేదీ, స్థలం వివరాలతో నకలు తీసి భద్రపరచడం ఊరి గ్రంథాలయాలకు, కళాశాలల చరిత్ర శాఖలకు సాధ్యమయ్యే పని. కాజీపేట షెడ్డులో పనిచేసిన ఒక ఆల్కో ఇంజిన్‌ను ఈ ఆధారాలతో నిర్ధారించిన ఒక నిర్దిష్ట కాలపు రంగుల్లో నిలిపి, ఆ కాలం ఏదో, ఆ ఛాయల సంఖ్యలు ఏవో పక్కనే తెలుగులో రాసి ఉంచితే, అది ఉత్తర తెలంగాణ రైల్వే కార్మికుల చేతిపనికి దక్కే న్యాయమైన గుర్తింపు అవుతుంది. ఇంజిన్లు ఒక్కొక్కటిగా తుక్కుకు వెళ్తున్న ఈ దశలో, ఆ పనిని రైల్వే శాఖ, ఈ మార్గం వెంబడి ఊళ్లు కలిసి ఇప్పుడే మొదలుపెట్టాలి.