రెండు దారులు ఉంటే చాలదు

"సర్వర్ డౌన్ అయింది, రేపు రండి" అన్న మాట బ్యాంకు కౌంటరు వద్ద వినని పెన్షనరు మనలో అరుదు. మన పెన్షను లెక్కలు, వైద్య పరీక్షల ఫలితాలు ఇప్పుడు కంప్యూటర్లలోనే ఉంటున్నాయి. కనుక ఆ కంప్యూటర్లను కలిపే దారుల చరిత్ర మనకూ కొంత తెలిసి ఉండటం మంచిది.

కంప్యూటర్లను కలిపే పెట్టెను స్విచ్ అంటారు. ఒక తీగ తెగినా పని ఆగకూడదని రెండవ తీగ కూడా వేస్తారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. మన ఆఫీసు భాషలో చెప్పుకుందాం. ఒక సర్క్యులర్ వస్తే, పంపిన సెక్షన్‌కు తప్ప తక్కిన అన్ని సెక్షన్లకు నకలు పంపాలన్నది నియమం అనుకోండి. సెక్షన్లు ఒక వరుసలో ఉంటే అది చివరి సెక్షన్ దగ్గర ఆగిపోతుంది. వలయంగా ఉంటే తిరుగుతూనే ఉంటుంది. స్విచ్ వద్ద ఇన్‌వార్డ్ రిజిస్టరు ఉండదు, కాబట్టి ఈ కాగితం ఇదివరకే వచ్చిందని అది గుర్తుపట్టదు. ఇన్ని చేతులు మారాక చించివేయాలన్న షరతు కూడా ఈథర్‌నెట్ పద్ధతిలో లేదు. అదనపు తీగలున్న చోట నకళ్లు క్షణాలలో పెరిగిపోయి, అసలు పనికి దారి మిగలదు. దీనినే లూప్ అంటారు.

దీనికి విరుగుడు కనిపెట్టినది రేడియా పెర్ల్‌మన్ అనే అమెరికన్ మహిళ. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ 1985లో ఆమె ఈ పద్ధతిని ప్రచురించారు. స్విచ్‌లు తమలో తాము చిన్న సందేశాలు పంపుకొని ఒకదానిని పెద్దగా ఎన్నుకుంటాయి. ప్రతి స్విచ్ ఆ పెద్ద వద్దకు దగ్గర దారిని ఉంచుకుంటుంది. వలయాన్ని పూర్తిచేసే తీగలను మూసి ఉంచుతారు. వాడుకలో ఉన్న దారి తెగితే మూసినది తెరుచుకుంటుంది. అలా వల వంటిది కొమ్మలున్న చెట్టుగా మారుతుంది. చెట్టులో వలయం ఉండదు కదా! చెట్టు లెక్క కొత్తది కాదు. మొరేవియాలో విద్యుత్ తీగలను తక్కువ ఖర్చుతో వేయటానికి ఒటకార్ బోరూవ్కా అనే గణితవేత్త 1926లోనే అటువంటి లెక్క కట్టారు. పెర్ల్‌మన్ పద్ధతి 1990లో అంతర్జాతీయంగా వాడే ప్రమాణాలలో చేరింది.

అయితే ఏ నియమానికైనా హద్దు ఉంటుంది. ఒక కొన నుండి మరొక కొనకు 7 స్విచ్‌లు మించరాదన్నది ఆనాటి సిఫారసు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ ఏళ్ల తరబడి అతుకుల మీద అతుకులుగా పెరిగి ఆ హద్దు దాటింది. 2002 నవంబరు 13న భారీగా డేటా ప్రవహించటంతో స్విచ్‌ల మధ్య లెక్క తప్పి లూపులు ఏర్పడ్డాయి. ఆ పెద్ద ఆసుపత్రి సుమారు నాలుగు రోజులు కాగితాలపై నడిచింది. డాక్టర్లు మందులు చేతితో వ్రాశారు. పరీక్షల ఫలితాలను మనుషులు పరుగున చేరవేశారు. చివరకు నెట్‌వర్క్‌ను భాగాలుగా విడగొట్టి, మధ్య రూటర్లు అమర్చి బాగుచేశారు. ఆసుపత్రి కంప్యూటర్ విభాగాధిపతి జాన్ హలామ్‌కా జరిగినదంతా బహిరంగంగా వెల్లడించి ఇతర ఆసుపత్రులకు హెచ్చరికగా చెప్పటం మెచ్చదగినది.

పాత పద్ధతిలో మూసిన దారి తెరుచుకోవటానికి 30 నుండి 50 సెకన్లు పట్టేది. 2001లో వచ్చిన కొత్త ప్రమాణం దానిని కొద్ది సెకన్లకు తగ్గించింది. డేటా నిల్వచేసే స్టోరేజి యంత్రాలకు ఆ ఆలస్యం కూడా ప్రమాదమే. అందుకని అక్కడ సాధారణంగా రెండు నెట్‌వర్క్‌లు విడివిడిగా వేసి, వాటి మధ్య తీగే కలపరు. సర్వర్‌కు రెండింటితోను సంబంధం ఉంటుంది. ఒకటి ఆగితే రెండవ దారిన పోతుంది. కలపని చోట వలయం ఏర్పడే ప్రశ్నే లేదు.

ప్రత్యామ్నాయం ఉండటం ఒక ఎత్తు, దానిని క్రమంలో ఉంచటం మరొక ఎత్తు. బోస్టన్‌లో రోగులను కాపాడినది కాగితం, దానిని మోసిన మనుషులు. సభ్యులు తమ పి.పి.ఓ. నకలును, పాస్‌బుక్కును, మందుల చీటీలను ఇంట్లోవారికి తెలిసిన చోట భద్రపరచుకోవలసిందిగా మనవి.