లాంకాస్టర్ బాంబర్ టరెట్లు: తుపాకీ, చూపు
రెండవ ప్రపంచయుద్ధంలో జర్మనీపై రాత్రి దాడులకు బ్రిటిష్ వాయుసేన విరివిగా వినియోగించిన భారీ బాంబర్ లాంకాస్టర్. దాని ముక్కున, వీపున రెండేసి, తోకన నాలుగు మెషీన్‌గన్లు తిరిగే టరెట్లలో అమరి ఉండేవి. వాటి తూటా వ్యాసం 7.7 మిల్లీమీటర్లు మాత్రమే; జర్మన్ రాత్రి యుద్ధవిమానాల ఫిరంగులు 20 మిల్లీమీటర్లవి. అందువల్ల తోక గన్నర్‌కు కాల్చడం కన్నా కనిపెట్టడమే ప్రధాన కర్తవ్యమైంది. అతడు ముందుగా హెచ్చరిస్తేనే పైలట్ విమానాన్ని మెలికలు తిప్పి తప్పించగలిగేవాడు. చూపు మసకబారకుండా కొందరు గన్నర్లు టరెట్ పారదర్శక పలకను తొలగించి, గడ్డకట్టించే చలిని భరించారు. అయినా అత్యధిక విమానాలకు పొట్ట కింద టరెట్ లేదు. 1943 నుంచి జర్మన్లు పైకి ఎక్కుపెట్టిన ఫిరంగులతో ఆ చూపందని దిక్కు నుంచే దాడి చేశారు. కనుక టరెట్ల రక్షణ సామర్థ్యాన్ని తుపాకుల సంఖ్యతో గాక, గన్నర్ చూపు మేరతో అంచనా వేయడమే సమంజసం.