తన తప్పు తానే వినే పెట్టె

ఆంప్లిఫయరు అనగానే మన చెవుల్లో పెళ్ళిపందిరి మైకు గీపెడుతుంది. చప్పుడు పెంచడం ఏమంత ఘనకార్యమండీ! పెంచాక కూడా పాట పాటలా మిగలాలి, అదీ కష్టం. ఆ కష్టంతో ఇళ్ళలో కూర్చుని కుస్తీపట్టిన వాళ్ళ చరిత్ర, చదివింది ఆర్ట్సే అయినా, నాకు నవలకన్నా రుచిగా ఉంటుంది.

1927 ఆగస్టు 2న హెరాల్డ్ బ్లాక్ అనే అమెరికన్ ఇంజనీరు హడ్సన్ నది దాటే పడవలో ఆఫీసుకి వెళ్తున్నాడు. దూరపు టెలిఫోను తీగల్లో మాట పదేపదే పెంచేసరికి చెడిపోతోందని ఆయన బెంగ. పడవలోనే ఉపాయం తట్టింది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీమీదే గీసేసుకున్నాడు. బయటికొచ్చే ధ్వనిలో కొంత తిరగేసి మళ్ళీ లోపలికి పంపితే, యంత్రం చేర్చిన తప్పు తనకి తనే ఎదురై చాలావరకు రద్దవుతుంది. బదులుగా బలం కొంత తగ్గుతుంది. రాసిన పేజీ మళ్ళీ చదివి కొట్టేసుకునే మాబోటివాళ్ళకి ఇందులో వింత లేదు గానీ, పేటెంటు చేతికొచ్చేసరికి 1937 అయింది!

ఆ ఉపాయాన్ని ఇళ్ళకి చేర్చినవాడు విలియమ్సన్. లండన్లో వాల్వుల కంపెనీలో పనిచేసిన కుర్రాడు. పాతికేళ్ళయినా నిండకుండానే, 1947 ఏప్రిల్, మే నెలల ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో తన డిజైనంతా దాచుకోకుండా అచ్చువేయించాడు. 15 వాట్ల బలం, ధ్వనిలో వికారం 0.1 శాతం మించకూడదు. ఇక చూస్కోండి, సరదా ఉన్న ప్రతివాడూ సోల్డరింగ్ ఐరన్ పట్టాడు.

అసలు కథ స్విచ్చి వేశాకే. స్పీకరు బదులు ముందు ఒక రెసిస్టరు తగిలించి, ఒకే స్వరం పంపి, ఆసిలోస్కోపు తెరమీద అల నున్నగా వస్తోందా అని చూడాలి. వెనక్కి పంపే తీగ తిరగబడిందా, దిద్దవలసింది కాస్తా వంతపాడుతుంది, పెట్టె ఊళపెడుతుంది. రెండు తీగలు మార్చి కలిపితే దానికి శాంతి. ట్రాన్స్‌ఫార్మరు నాసిదైతే మాత్రం శాంతి లేదు. మరీ మంద్రంలోనూ, మరీ తారలోనూ అది ధ్వనిని వేళ తప్పిస్తుంది. వేళ తప్పి వచ్చిన మందలింపు మెప్పుకోలైపోయి, మోటారు పడవలా డుబడుబమంటుంది. ఒక్కోసారి చెవికి అందని కూతా పెడుతుంది. వాల్వులు కాగిపోతాయి, మనకి తెలీదు. విలియమ్సన్ ట్రాన్స్‌ఫార్మరు చుట్టడం గురించి అంత పట్టుబట్టింది ఇందుకే. అక్కడ డబ్బులు మిగుల్చుకోబోయిన వాళ్ళే ఆయన్ని తిట్టుకుని ఉంటారని నా అనుమానం.

1969 ఏప్రిల్లో అదే పత్రికలో లిన్‌స్లీ హుడ్ నాలుగే నాలుగు ట్రాన్సిస్టర్లతో 10 వాట్ల ఆంప్లిఫయరు ప్రకటించాడు. ట్రాన్స్‌ఫార్మరు పీడ లేదు. పాట ఉన్నా లేకున్నా ముప్ఫై వాట్ల పైచిలుకు కరెంటు తాగి, పెనంలా కాగుతూ కూర్చుంటుందనుకోండి! కొలతలన్నీ కొలిచాడు. అంతటితో తృప్తిపడక, ఇరవై రెండేళ్ళనాటి విలియమ్సన్ వాల్వుల పెట్టెని పక్కన పెట్టుకుని రెండింటినీ పోల్చి విన్నాడు.