వాక్యం ఇంట్లోకి ఏ దారిన వచ్చింది?

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం పోయే సముద్రపు దారి నడుమ రుషికొండ ఉంటుంది. ఈ దారికి ఒక కొసన 1805లో లండన్ మిషనరీ సొసైటీ వారు దిగారు. రెండో కొసన, భీమిలిలో, 1870ల నడుమ కెనడియన్ బాప్టిస్టులు మకాం పెట్టారు. తెలుగు క్రైస్తవుల చరిత్ర రాసినవారిలో చాలామంది మొదటి కొస దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. అనువాదం ఎవరు చేశారు, అచ్చు ఎక్కడ పడింది, ఏ సంవత్సరం అన్న లెక్క తేలితే బైబిలు తెలుగువాడి ఇంటికి చేరిపోయినట్టే రాస్తారు. ఈ లెక్క తప్పని అనను. కానీ పుస్తకం అచ్చు కావడానికీ, పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి నోట వాక్యం పలకడానికీ మధ్య ఉన్న దూరాన్ని అది చెప్పదు.

ఆ లెక్క అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటేద్దాం. 18వ శతాబ్దం తొలి భాగంలో మద్రాసులో బెంజమిన్ షుల్జ్ చేసిన తెలుగు అనువాదం అచ్చుకు నోచుకోలేదు. విశాఖలో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ పని మొదలుపెట్టారు. తరంగంబాడిలో బాప్తిస్మం పొందిన ఆనందరాయలు అనే తెలుగు బ్రాహ్మణుడు వారికి తోడయ్యాడు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోయారు. 1812లో మూడు సువార్తలు సేరంపూరులో అచ్చయ్యాయి. ఎడ్వర్డ్ ప్రిచెట్ పూర్తి చేసిన కొత్త నిబంధన 1818లో మద్రాసులో వెలువడింది. పూర్తి బైబిలు 1850లలో వచ్చింది. 1840లో విశాఖ చేరిన జాన్ హే దశాబ్దాల పాటు దాన్ని సరిదిద్దుతూ కూర్చున్నాడు. ఈ వరసలో ఆనందరాయల పేరు ఒక్క వాక్యంలో వచ్చి మాయమవుతుంది. ఆ పని ఆయన లేకుండా నడిచేది కాదని ఒప్పుకునే పుస్తకాలు కూడా ఆయనకు ఒక పేరా మించి ఇవ్వవు.

ఇక్కడ ఒక చిక్కుంది. కొత్త నిబంధన అంతా అచ్చయి చేతిలో ఉన్నా, విశాఖలో లండన్ మిషన్‌కు తెలుగు సంఘమంటూ చెప్పుకోదగ్గది లేదు. వచ్చిన మూడు దశాబ్దాలకు కూడా చేరినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అంటే పుస్తకం ముందొచ్చింది, ఇళ్లు తర్వాత వచ్చాయి. మరి ఆ ఇళ్లలోకి వాక్యాన్ని తెచ్చింది ఏమిటి? అచ్చే అయితే 1818 తర్వాత ఇంతకాలం ఎందుకు పట్టింది?

నా ఉద్దేశంలో ఇందుకు జవాబు రెండో కొసన, ఇంకా దాటి శ్రీకాకుళం, పర్లాకిమిడి వైపు, తర్వాత ఒంగోలు వైపు వెతకాలి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన్ను కదిలించింది ఒక చిన్న అచ్చు కరపత్రమని చెబుతారు. అచ్చు బలానికి సాక్ష్యంగా ఈ కథను ఎన్నోసార్లు వాడుకున్నారు. సరే, ఆయనకు చదువొచ్చు, కరపత్రం పనిచేసింది. కానీ ఆయన తిరిగి ఇచ్చింది ఏమిటో చూడండి. ఇచ్చింది కీర్తనలు. రాగం, తాళం పైన రాసి, పల్లవి, అనుపల్లవి, చరణాలుగా కట్టిన పాటలు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే పాటల పుస్తకంలో ఆయనవి చేర్చిన తర్వాత బాప్టిస్టులు, లూథరన్లు, ఆంగ్లికన్లు అనే తేడా లేకుండా తెలుగు సంఘాలన్నీ పాడుకున్నాయి. సువార్తలోని సంగతులు, పాపం, క్షమ, సిలువ మీది మరణం, ఇవన్నీ చదవలేని మనిషి జ్ఞాపకంలోకి చేరింది ఈ దారినే. హరికథ విని పెరిగిన ఊరికి పల్లవి పట్టుకోవడం ఎవరూ నేర్పక్కర్లేదు.

రెండో సాక్ష్యం దక్షిణాన, ఒంగోలు వైపు ఉంది. తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ కులస్థుడు. 1860లలో ఆయన సువార్త విని నమ్మాడు. అంతకుముందు రాజయోగ మార్గంలో గురువుల దగ్గర శిష్యరికం చేశాడు. మిషనరీ ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో వెలువరించిన పుస్తకం ఈ సంగతులను నమోదు చేసింది. గురువు నోట విని, మననం చేసి, మరొకరికి చెప్పడం ఆ పల్లెల్లో అప్పటికే ఉన్న పద్ధతి. వాక్యం ఆ కాలువలోనే పారింది. 1878 జూలై 3న ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చిన ఘట్టాన్ని కొందరు 1876-78 కరువుకూ, కరువు సహాయంగా ఇచ్చిన బకింగ్‌హాం కాలువ పనికీ మాత్రమే ముడిపెడతారు. కరువు ప్రభావాన్ని కొట్టిపారేయలేం, పనికోసం వచ్చినవారూ ఉన్నారు. కానీ కూలి తిన్నందుకే చేరినవారు కరువు తీరాక ప్రతి సాయంత్రం ప్రార్థనకు ఎందుకు కూడారో ఆ వాదం వివరించదు.

ఆ సాయంత్రాన్ని నడిపినవాడు ఉపదేశి. పగలు కూలికి పోయిన జనం చీకటి పడ్డాక వచ్చేవారు. ఉపదేశి ఒక వచనం చెప్పేవాడు, జనం మళ్లీ చెప్పేవారు. 1901 జనాభా లెక్కల్లో దేశమంతటా చదువొచ్చినవారు నూటికి ఐదారుగురే. గూడెంలో ఆ పాళ్లు కూడా ఉండవు. పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, 23వ కీర్తన నోటికి రావడమే అప్పటి బైబిలు చదువు. 1912లో దోర్నకల్ బిషప్పయిన వి.ఎస్. అజరయ్య ఈ పద్ధతినే పట్టుకుని, పాట, భజన, కోలాటం కూడా కలిపి నడిపాడు.

ఇంటి లోపలికి మాత్రం ఉపదేశి పోలేడు. ఘోషా ఇళ్లకూ, వంటింటి గడపకూ వెళ్లింది బైబిలు స్త్రీ. విశాఖ, భీమిలి, బొబ్బిలి మిషన్ల నుంచి బయలుదేరిన ఈ స్త్రీలలో వితంతువులు ఎక్కువ. కీర్తనతో మొదలుపెట్టేవారు, తర్వాత ఒక వచనం, ఆ వచనం మీదుగా అక్షరాలు. మిషన్ నివేదికల్లో ఎన్ని ఇళ్లు తిరిగారో అంకెలుంటాయి, చాలాచోట్ల పేర్లుండవు. ఆ అంకెలను నేను పూర్తిగా నమ్మను. చందాలు పంపే కెనడా, ఇంగ్లండు పాఠకుల కోసం రాసినవి అవి, కాస్త ఉబ్బి ఉంటాయి. అయినా ఆ ఇళ్లు తిరిగిన సంగతి అబద్ధం కాదు. తల్లి పిల్లకు రాత్రిపూట చెప్పే మాటల్లో వాక్యం చేరడానికి వీరికన్నా దగ్గరి కారణం నాకు కనపడలేదు.

ఈ వాదానికి నేనే కొన్ని హద్దులు గీయాలి. అచ్చు లేకపోతే ఉపదేశికి చెప్పడానికి స్థిరమైన పాఠమే ఉండేది కాదు. ఒక్కో ఊళ్లో ఒక్కో వాక్యం పుట్టేది. పైగా ఏది కంఠతా పెట్టాలో నిర్ణయించింది మిషన్. 23వ కీర్తన వచ్చినవారు వందలమంది. పేదవాడిని తొక్కే ధనికులను తిట్టిపోసిన ఆమోసు ప్రవక్త మాట నోటికి వచ్చినవారిని వెతకాలి. భూమి లేని పాలేరుకు ఆ ప్రవక్త అక్కరకొచ్చేవాడు కదా! విధేయత నేర్పే వచనాలు ముందు వరసలో నిలిచాయి. కంఠతా సంప్రదాయాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ ఎంపిక సంగతి మరచిపోకూడదు.

కాథలిక్కుల కథ వేరు. 1840లలో విశాఖ వచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువుల చుట్టూ పెరిగిన సంఘాలలో పూజ లాటిన్‌లో సాగింది. రోజువారీ భక్తికి ఆధారం జపమాల, పునీతుల పండుగలు. బైబిలు ఇంట్లో చదువుకోవడం బాగా పెరిగింది రెండవ వాటికన్ మహాసభ తర్వాతే. దీన్ని లోపమనేవారు ప్రొటెస్టంటు గజంతో కొలుస్తున్నారు.

20వ శతాబ్దంలో మరో మలుపు భక్తసింగ్. పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన ఈయన 1941లో మద్రాసులో, తర్వాత హైదరాబాదు హెబ్రోనులో సంఘాలు కట్టాడు. సంఘంలో ప్రతివాడి చేతిలో బైబిలు ఉండాలి, చెప్పిన వచనం అక్కడికక్కడే తెరిచి చూడాలి. అప్పటికి చదువుకున్న తరం వచ్చింది. విశాఖలో నౌకాశ్రయం, హిందుస్తాన్ షిప్‌యార్డు, తర్వాత ఉక్కు కర్మాగారం పిలిచిన ఉద్యోగుల్లో గోదావరి, గుంటూరు జిల్లాల క్రైస్తవులు చాలామంది. క్వార్టర్లలో వారం మధ్య కూడికలు, కుటుంబ ప్రార్థనలు, బైబిలు మార్జిన్లో పెన్సిలు గీతలు వారి ద్వారా నగరంలో పాతుకున్నాయి. నా ఎరుకలో తెలుగు క్రైస్తవుడు బైబిలును నిజంగా పుస్తకంగా చదివిన కాలం ఇదే. అది యాభై అరవై ఏళ్లకు మించలేదు.

ఇప్పటి సంగతి చెబితే నాకు సంకోచమే ఎక్కువ. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకుంటారు. ఆ ఏడాదికి తమ వచనం అదే. గోడ మీద క్యాలెండరు, ఆటో వెనక అద్దం, వాట్సాప్ స్టేటస్, అన్నిచోట్లా అదే. ఈ కార్డుల్లో తరచు కనిపించే యిర్మీయా 29:11 బబులోనుకు చెరపట్టుకుపోయిన వారికి రాసిన ఉత్తరంలోది. దానికి ముందు వచనం డెబ్బై ఏళ్లు అక్కడే ఉండాలని చెబుతుంది. కార్డులో ఆ వచనం ఉండదు. మిషన్ చేసిన ఎంపికను మనం విమర్శించాం, ఇప్పుడు ఆ ఎంపికను అచ్చు దుకాణం చేస్తోంది. పాత ఎంపికలో కనీసం పది ఆజ్ఞలు ఉండేవి. ఇప్పటి ఎంపికలో ఆజ్ఞ ఒక్కటీ లేదు, ఆశీర్వాదాలే ఉన్నాయి.

రుషికొండ ఐటీ కొండ మీద పనిచేసే పిల్లల ఫోనుల్లో బైబిలు యాప్ ఉంది, ఏ వచనం కావాలన్నా రెప్పపాటులో దొరుకుతుంది. బస్సులో చెవిలో పెట్టుకుని వింటున్నారు. వినడం తిరిగి వచ్చిందని కొందరు పాస్టర్లు సంతోషిస్తున్నారు. నాకంత ధీమా లేదు. గూడెంలో విన్నది గుంపుగా. తప్పు పలికితే పక్కవాడు సరిదిద్దేవాడు, అర్థం కాకపోతే ఉపదేశిని అడిగేవాడు. చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకున్నవాడు ఎవరినీ అడగడు. పిల్లలకు ఇప్పటికీ అభినయంతో, పాటతో వచనాలు నోటికి నేర్పే చోటు వేసవిలో పదిరోజుల వెకేషన్ బైబిల్ స్కూల్ (విబిఎస్) ఒక్కటే. ఆ పని ఏడాది పొడవునా చేసిన ఉపదేశికీ, బైబిలు స్త్రీకీ నగర సంఘాల్లో చాలావాటిలో ఇవాళ జీతం లేదు, పదవీ లేదు.